జలుబు చేసిన మెషీను

"డబ్బా పాలన్నీ నీ టీలోనే ఒంపుకున్నావా? నాకో చుక్కయినా ఉంచొద్దూ!"

ఎఫీ ఖాళీ డబ్బాను బల్లమీద ఠప్పున పెట్టింది.

"కొట్టుకెళ్లేటప్పుడు చీటీ రాసివ్వమంటే రాయవు. పాలు అయిపోయాయని నాకేం కలొస్తుందా?" అన్నాడు ఆమె మొగుడు సెల్బీ.

ఎఫీ గబగబా ఖాళీ డబ్బా కడగడం మొదలుపెట్టింది.

చీటీ రాయడం ఆమెకు రాదు. చదవడమూ రాదు. కళ్లజోడు కనబడలేదనో, చేతులు తడిగా ఉన్నాయనో ముప్పై ఏళ్ల కాపురం నెట్టుకొచ్చింది.

కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో ఆమె పనిచేసే పీతల ఫ్యాక్టరీలో చదువుతో ఎప్పుడూ పనిపడలేదు. పక్కమనిషి చేతులు చూసి పని నేర్చుకోవడమే అక్కడి పద్ధతి.

ఈ ఏడే టొరంటో నుంచి హార్ట్లీ అనే అతను ఊడిపడ్డాడు. పని పాఠాలన్నీ ఫోన్లలోకి ఎక్కించాడు. శనివారంలోగా పరీక్ష పాసుకాకపోతే ఈ సీజనులో పని లేదు.

మొదటిరోజు అతను మాట్లాడబోతే అందరూ బల్లలు చరిచి, గొంతు వినబడనివ్వలేదు. 'ఎండు చేప' అని పేరు పెట్టింది ఎఫీయే. భోజనాల గదిలో అతని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

సెల్బీ పడవ దగ్గరికి వెళ్లగానే ఎఫీ ఫోను తీసింది. సందేహమొస్తే మైకు బొమ్మ నొక్కి అడగాలని, ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే కూతురు రోండా చెప్పింది.

"ఏయ్ మెషీనూ, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతా. నాకు చదువు రాదు."

కాసేపటికి జవాబొచ్చింది.

"చెప్పనమ్మా. నేను చదువుతాను, మీరు వినండి."

అప్పట్నుంచి పాఠాలన్నీ మాటల్లోనే వచ్చాయి. కత్తి ఎటు తిప్పి పెట్టాలో, పీతలు ఉడికించే ఆవిరి తొట్టి మూత ఎంత ఎడంగా నిలబడి తీయాలో. "మళ్లీ చెప్పు" అంటే విసుక్కోకుండా మళ్లీ చెప్పేది. ఓసారి మధ్యలో దగ్గింది.

"నీకూ జలుబేనా! ఆ ఎండు చేప నిన్ను మంచులో పడేశాడా ఏంటి? నవ్వడం తెలుసా అసలు ఆ మొహానికి?"

ఫోను మళ్లీ దగ్గింది.

"తర్వాతి పాఠానికి వెళదామమ్మా" అంది.

శుక్రవారం పరీక్షలోనూ ఫోనే ప్రశ్నలు చదివి వినిపించింది. జవాబు బొమ్మల్ని ఎఫీయే నొక్కింది. పాసయింది! గుండెల మీంచి నిండు పీతల బుట్ట దించినట్టయి, వంటింట్లోనే కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

ఆదివారం భోజనానికి రోండా వచ్చింది. ఉప్పు మాంసం, క్యాబేజీ వడ్డించి ఎఫీ గొంతు సవరించుకుంది.

"ఈ చలికాలం నేను చదవడం నేర్చుకుంటాను. నాకు రాదు. ఎప్పుడూ రాలేదు."

సెల్బీ తినడం ఆపేశాడు.

"మరి ఏటేటా నీ పుట్టినరోజు కార్డులమీద నేను రాసిందంతా?"

"బాగుందన్నాగా!"

అతను ముందు తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వాడు. ఉప్పు మాంసంలో మంచి ముక్క తీసి ఆమె కంచంలో వేశాడు.

"ఎవరు నేర్పుతారే?"

"ఆ ఫోన్లో మెషీనే. నన్ను పాస్ చేయించింది అదేగా."

రోండా చెంచా కిందపెట్టి తల్లి వంక విచిత్రంగా చూసింది.

"మెషీనేంటమ్మా? ఆ మైకులో మీరందరూ అడిగినవన్నీ విని, ఒక్కొక్కళ్లకీ జవాబు చెప్పింది, నిన్న పొద్దున పని ముగించుకుని ఒంటరిగా ఓడెక్కి వెళ్లిపోయాడే, ఆ హార్ట్లీయే."