చిన్నవెంకటమ్మ మామిడి కట్టెలు

"ముట్టుకుంటివంటే చేతులిరుస్తా. అవి నా కట్టెలు!" అంది చిన్నవెంకటమ్మ, కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆమె కొడుకు సీనప్ప ఇంకా గొడుగైనా మూయలేదు. కోలారు బంగారు గనిలో బతిమాలి లీవు తీసుకుని, ముళబాగిలులో బస్సు మారి, ఆవని దాకా తడుస్తూ వచ్చాడు. ఇంట్లో పెళ్ళాం పిల్లమ్మ పచ్చి బాలింత. వారం నుంచి ఒకటే ముసురు. వాకిట్లో కట్టెలన్నీ నీళ్ళు కారుతున్నాయి. కొట్టంలో మాత్రం ఎండిన మామిడి మొద్దులు నిలువెత్తున పేర్చి ఉన్నాయి.

"బాలింతకు నీళ్ళు కాచేకి నాలుగు మొద్దులియ్యమ్మా."

"అవి నన్ను కాల్చేకి పెట్టుకున్నాను."

"గుండ్రాయి మాదిరి ఉండావు. ఇప్పుడేం తొందరమ్మా నీకు?"

"మీ నాయన పోయినప్పుడూ ఇట్లే వాన. పచ్చికట్టెలు పేర్చినారు. సగం కాలి ఆరిపోయె. సీమనూనె పోసినా రగల్లేదు. ఊరంతా నిలబడి చూసె. నాకా గతి వద్దురా."

"అయితే పూడ్చేది. ఎదురింటి బచ్చప్పోళ్ళు పూడ్చరా?"

"ఛీ! వాళ్ళు పూడుస్తారు. మన ఇంట్లో ఎవుర్నీ మట్టిలో పెట్టలేదు. నన్ను పురుగులకేస్తావా? పో, నీళ్ళ సంగతి నేను చూసుకుంటా. బాలింత పనిలో మగోడికేం పని?"

సీనప్ప పళ్ళు నూరుకుంటూ లోపలికి పోయాడు.

"పిల్లా, అమ్మ నీకు వేడినీళ్ళు పోస్తాందా, లేదా?"

"పొగలు కక్కే నీళ్ళే పోస్తాంది" అంది పిల్లమ్మ.

అత్తంటే భయం, ఇంకేం చెబుతుంది పాపం అనుకున్నాడు. బిడ్డను తాకి చూశాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరమేమోనని ఇంకా హడలిపోయాడు. ఇంగ ఊరుకుంటే లాభం లేదు.

పొద్దు వాలుతుండగా తల్లి డెయిరీలో పాలు పోయడానికి వెళ్ళింది. సీనప్ప కొట్టంలోకి దూరాడు. ముందు వరసలో తీస్తే ఆమె ఇట్టే కనిపెట్టేస్తుంది. అందుకని వెనకవైపు నుంచి లాగుదామని పక్క సందులో చెయ్యి పెట్టాడు. ఏమీ తగల్లేదు. మోచెయ్యి దాకా పెట్టాడు. భుజం దాకా పెట్టాడు. అంతే, మొద్దులన్నీ దబదబా కాళ్ళ మీద కూలాయి. ఆ ఒక్క వరస తప్ప వెనకాల అంతా వట్టి నేల.

ఏ దొంగ వెధవ చేసిన పనో! ఇది చూస్తే అమ్మ బతకదు. పైగా నింద తన నెత్తినే పడుతుంది. గబగబా మళ్ళీ పేర్చబోతూ తలెత్తితే గుమ్మంలో పాలక్యానుతో తల్లి.

"అమ్మా, నేను కాదు! దేవుని మీద ఒట్టు! నీ కట్టెలు ఎవుడో ఎత్తుకపోయినాడు!"

చిన్నవెంకటమ్మ క్యాను కింద పెట్టింది. కూలిన వాటిలోంచి లావుపాటి మొద్దొకదాన్ని ఏరి చంకన పెట్టుకుని నీళ్ళ పొయ్యి వైపు నడిచింది.

"అరవొద్దురా, బిడ్డ లేస్తాది. నన్ను పూడ్చేయండిలే."