ఇంకొక్క పలక

ఎవరో ముసలాయన గోదాములో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టు సీటు పైకెత్తి, లోపల చేతులు పెట్టి ఏదో చేస్తున్నాడు.

భోజనం ముగించుకుని వచ్చిన ఆ బండి డ్రైవరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ పాత బండికి నిన్ననే లిథియం బ్యాటరీ బిగించారు. సీటు కింద పాతది ఉన్న చోట కొత్తది చూస్తే, ట్రంకుపెట్టె తీసేసి టిఫిను క్యారేజీ పెట్టినట్టుంది.

"చిన్నదని చులకన చెయ్యకు. దొంగల కళ్ళన్నీ వీటి మీదే. పోయిందంటే నీ ఉద్యోగం కూడా దాని వెంటే" అని సూపర్‌వైజరు మరీ మరీ చెప్పాడు.

"దొంగ! దొంగ!" అని అరిచింది.

ఆయన ఉలిక్కిపడలేదు. తలైనా ఎత్తకుండా, "ఇంకొక్కటే మిగిలింది తల్లీ. ఒక్క నిమిషం ఆగు" అన్నాడు.

ఆగాలట! తీరుబడిగా దోచుకునేదాకా!

వాచ్‌మన్ పరుగున వచ్చి ఆయన మెడ పట్టుకున్నాడు.

"బ్యాటరీ కంపెనీ మనిషినన్నావు కదా? తోపుడు బండి ఒక్కటే తెచ్చుకున్నావేం, లారీ దొరకలేదా?"

"నా మాట విను బాబూ. ఆ బండి బరువు..."

"నీ బరువు నేను దించుతాలే, పద!"

వాచ్‌మన్ ఒక చేత్తో ఆయన్నీ, ఇంకో చేత్తో తోపుడు బండినీ ఈడ్చుకుపోయాడు. వాకిలి దాటుతూ ముసలాయన వెనక్కి తిరిగాడు.

"పై అరకు ఎత్తకు తల్లీ! ఎత్తకు!"

"చూశావా, బెదిరింపులు కూడానూ!" అన్నాడు వాచ్‌మన్.

ఆ మధ్య ఊరి చివర షెడ్డులో ఫోర్క్‌లిఫ్టు తిరగబడి, దాన్ని నడిపే అమ్మాయి చనిపోయిందని విన్నప్పటి నుంచీ ఆమెకు ప్రతి చప్పుడూ భయమే.

సూపర్‌వైజరు వచ్చాడు.

"బ్యాటరీ ఉందా?"

తొంగి చూసీ చూడనట్టు చూసింది. "ఉంది సార్."

"హమ్మయ్య. సీటు దించు. లారీ అతను నా నెత్తి మీద కూర్చున్నాడు. ఆ రంగు డ్రమ్ములు పై అరలోకి ఎక్కించెయ్."

"చేతులు వణుకుతున్నాయి సార్."

"చేతులతో ఎత్తుతావా ఏంటి? బండి ఎత్తుతుంది, కానియ్."

డ్రమ్ములు పైకి లేచాయి. పై అర దాకా వెళ్ళాయి.

అప్పుడు ఆమె కింద సీటు కదిలింది.

వెనక చక్రాలు నేలను వదిలాయి. ముందున్న నేల తన మీదికి లేచి వస్తున్నట్టయింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

బండి అటు పడదు, ఇటు దిగదు. ఏం చెయ్యాలో తేల్చుకోలేనట్టు గాలిలో ఆగింది.

తరవాత ధన్‌మని వెనక్కి కూలబడింది.

ఎలా దించిందో, డ్రమ్ముల్ని కిందికి దించింది. దిగి పక్కకు జరిగింది.

పాలిపోయిన ముఖంతో సూపర్‌వైజరు సీటు ఎత్తాడు.

బ్యాటరీ పక్కన, నిన్న ఖాళీగా ఉన్న చోట, ఇనుప పలకలు. కదలకుండా బోల్టులు బిగించి ఉన్నాయి. చివర ఇంకొక్క పలక పట్టేంత ఖాళీ.

"పాత బ్యాటరీ బరువే బండి వెనక భాగాన్ని నేలకు అదిమి పట్టేది" అన్నాడతను, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "అది తీస్తే బదులుగా ఇనుము వెయ్యాలి. బిగించినవాళ్ళు వెయ్యనే లేదు. ఇవి కూడా లేకపోయుంటే..."



ఆమె గేటు దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్, ఆయనేరి?"

"రెండు తగిలించి తరిమేశా. నిన్న సాయంత్రం కూడా, బ్యాటరీ బిగించినవాళ్ళు అటు వెళ్ళగానే వచ్చాడమ్మా, సూపర్‌వైజరు గారితో మాట్లాడాలంటూ. ఎవరు పడితే వాళ్ళను లోపలికి పంపిస్తానా? అందుకే ఇవాళ కంపెనీ పేరు చెప్పి దూరాడు."

రోడ్డు మీద ఇటూ అటూ చూసింది. ఎవరూ లేరు.

గోడ వారన తోపుడు బండి ఉంది. అందులో గుడ్డ చుట్టిన బరువేదో ఉంది. విప్పింది. ఇనుప పలక.

ఆ గుడ్డ, తను తొడుక్కున్నలాంటి పసుపు రంగు డ్రైవరు కోటు. ఆమె కొలతే. వీపు మీద ఊరి చివర షెడ్డు పేరు.

"పోయేటప్పుడు ఏమన్నా అన్నాడా బాబాయ్?"

"ఏవో పిచ్చి మాటలులే" అన్నాడు వాచ్‌మన్. "'మా అమ్మాయి బండిలో ఇవి ఎవరూ వెయ్యలేదు' అంటూ వెళ్ళాడు."