మల్లి తొట్టి

పెండ్లి ఊరేగింపు బాడుగ ముగించుకొని పొద్దుటూరు నుంచి వచ్చిన ఉసేనప్ప, అలవాటు కొద్దీ కొత్త గుర్రం మీంచి కాలు జార్చినాడు. నేల అందక మళ్లీ పైకి లాక్కున్నాడు.

"ఈపొద్దూ అంతేనా?" అంది భార్య కాశింబీ.

"శానా ఎత్తే ఇది. మన మల్లి అయితే కాలు చాపితే నేల తగిలేది."

"మల్లి చచ్చి ఏడాదాయ. నువ్వింకా దాని మీదే కూచోనుండావు."

ఉసేనప్ప కళ్లెం సర్దుకుంటా గుర్రం మీదే ఉండిపోయినాడు.

ఆయన ఎవురినీ ముట్టనీయకుండా దాచుకున్న మల్లి దాణా తొట్టిని కాశింబీ ఈడ్చుకొచ్చి, గుర్రం పక్కన బోర్లించింది.

"దీని మీద కాలుపెట్టి దిగు. మల్లి నిన్నెప్పుడన్నా పడేసిందా?"

దిగినాడు. తొట్టిని శానాసేపు చూసినాడు. తర్వాత తిరగేసి, దాణా పోసి, కొత్త గుర్రం ముందర పెట్టినాడు.

"తొట్టి కురచప్పా," అన్నాడు దాని మెడ నిమురుతా. "నువ్వూ రోంత వంగాల."