ఉప్పు చూడని పచ్చడి

రెండువేల పంతొమ్మిది, నవంబరు పదో తారీకు. కార్తీకమాసం, ఆదివారం. వేడన్నంలో నెయ్యి వేసుకుని నల్లేరు పచ్చడితో తిన్నారు.

శివప్రసాద్ గారికి ఆ తారీకు అలా గుర్తుండిపోయింది. భార్య మాధవీలత చేతి నల్లేరు పచ్చడి తినడం అదే ఆఖరు. ఆ చలికాలంలోనే ఆవిడ వెళ్ళిపోయింది.

అరచేతులకి నూనె రాసుకుని లేత కణుపులు గిల్లేది, నార తీసేది, దోరగా వేయించేది. ఇది నా మోకాళ్ళకి మందు అనేది.

బోటనీ లెక్చరరు కదా, ఆయన రుజువేదీ అనేవారు. ఒకసారి పంతానికి పోయి పచ్చి కణుపు కొరికి, సాయంత్రం దాకా నాలుక దురదతో తిరిగారు. ఆ రోజు ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ వంటింట్లో వినపడినట్టే ఉంటుంది.

అందుకే, అమలాపురంలో ఒక ఆయుర్వేద డాక్టరు, భవానీదేవి గారు, మోకాళ్ళ నొప్పిని నల్లేరు తగ్గిస్తుందో లేదో పరీక్ష పెడుతున్నారని తెలిసి, రాతపనికి నేనొస్తానంటూ పిలవకుండానే వెళ్ళారు.

మాధవీలత మాట నిజమని తేలాలి. ఆయనకి కావలసింది అంతే.

నలభై మంది చేరారు. సగం మందికి గొట్టం బిళ్ళల్లో, అంటే క్యాప్సూళ్ళలో, పచ్చి నల్లేరు ఎండబెట్టి కొట్టిన పొడి. సగం మందికి వరిపిండి. ఎవరికి ఏదన్నది సీలు వేసిన కవరులో ఉంటుంది. ఇచ్చే శివప్రసాద్ గారికీ తెలియదు. ఆరు నెలలపాటు చేరినవాళ్ళెవరూ ఇంట్లో నల్లేరు నోట పెట్టకూడదు.

"అంటే మా చేత ఉత్త పిండి మింగిస్తారాండీ?" అంటూ ఒకాయన లేచారు.

వెనక బెంచీ మీంచి, మురమళ్ళ నుంచి వచ్చిన అప్పాయమ్మ అడిగింది.

"పిండి మింగేవాళ్ళు లేకపోతే ఏమవుద్దండీ?"

"మందు పనిచేసిందో, మందు మింగామన్న ధైర్యం పనిచేసిందో తేలదమ్మా" అన్నారు డాక్టరు గారు.

"ఆయ్. అయితే నన్ను రాసుకోండి."

ఆవిడ నంబరు పదిహేడు.

నెలకో సోమవారం ముమ్మిడివరంలో బస్సు మారి వచ్చేది. ఆసుపత్రికి ఉన్నవి మూడే మెట్లు. మూడింటి దగ్గరా ఆగేది.

మా దడి నిండా నల్లేరేనండి, వారానికోసారి పచ్చడి చేసుకునేదాన్ని, అని మొదటి సీసా బిళ్ళలు తీసుకున్న రోజే చెప్పింది. ఆయనా మాధవీలత సంగతి చెప్పుకున్నారు. చేతులకి నూనె రాసుకునేవారాండీ, అని అప్పాయమ్మ అడిగిన తీరుకి ఆయనకి ఆ పూట ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు.

నెలలు గడిచేకొద్దీ చాలామంది కాస్త తేలిగ్గా ఉందన్నారు. పదిహేడో నంబరుది మాత్రం ప్రతిసారీ ఒకటే మాట. తగ్గలేదండి.

ఆఖరి సోమవారం నాడు ఆయనకి ఓపిక పోయింది.

"బిళ్ళలు మింగుతున్నారా అప్పాయమ్మగారూ, కాలవలో పారేస్తున్నారా?"

"మింగుతున్నానండి."

"అందరికీ ఎంతోకొంత తగ్గింది. మీకూ కొంచెం తగ్గిందని రాయనా?"

"ఒద్దు మేష్టారూ. ఉన్నదే రాయండి."

ఆయన విసురుగా రాశారు.

ఆవిడ సంచీలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మీకని నల్లేరు పచ్చడి చేసేనండి. ఉప్పు చూడలేదు. మీరే చూసుకోండి."

ఆయన తల ఎత్తలేదు. వెళ్ళొస్తానంటూ ఆవిడ మూడు మెట్లూ దిగడం చాలాసేపు వినపడింది.

ఆ రాత్రి ఒక ముద్ద కలుపుకుంటే ఉప్పే లేదు. ఒకరికి పెట్టేది రుచి చూడకుండా తెస్తారా, అని విసుక్కుని సీసాని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేశారు.

మూడు వారాలకి కవరు విప్పారు.

తేడా నల్లేరు వైపే తేలింది. గొప్ప తేడా కాదు గాని, ఉంది. శివప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని చూస్తే, పదిహేడో నంబరు ఎదురుగా వరిపిండి అని ఉంది.

"పిండి తిన్నవాళ్ళలో ఇంకొక్కరు మొహమాటానికి తగ్గిందని చెప్పినా ఈ తేడా నిలిచేది కాదండి" అన్నారు డాక్టరు గారు.

మురమళ్ళ వెళ్ళి ఆ మాట అప్పాయమ్మకి చెప్పాలనుకున్నారాయన. ఇంకొక మాట కూడా చెప్పాలి.

సాయంత్రం గది మూసే వేళకి ఒకమ్మాయి ఆరు ఖాళీ బిళ్ళల సీసాలు పట్టుకుని వచ్చింది. అప్పాయమ్మ మనవరాలినని, పేరు సత్యదుర్గ అని చెప్పింది. మామ్మ పది రోజుల క్రితం నిద్రలోనే పోయిందట. సీసాలు అప్పజెప్పమని ముందే చెప్పి ఉంచిందట.

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

"మామ్మకి వచ్చింది వరిపిండమ్మా. పాపం, ఆవిడకి తెలీదు."

"తెలుసండి."

ఆయన తలెత్తారు.

"మొదటిరోజే ఒక బిళ్ళ ఇప్పి నాలిక మీద ఏసుకుందండి. దురద లేదే, ఇది పిండే అంది. మరైతే మానెయ్యి మామ్మా, దడి మీద నల్లేరుంది కదా అన్నానండి. చెప్తే నా పేరు కొట్టేస్తారే, మేష్టారికి ఒక మనిషి తక్కువైపోద్ది, ఆయన భార్య మాట నిలబెట్టాలని చూస్తన్నారు అంది. ఆరు నెలలూ నల్లేరు నాలిక్కి తగలనివ్వలేదండి. మీకు చేసిన పచ్చడి కూడా."

ఆ రాత్రి శివప్రసాద్ గారు వేడన్నంలో నెయ్యి వేసుకుని, ఉప్పు డబ్బా చేతికందే దూరంలోనే ఉన్నా ముట్టుకోకుండా, ఆ పచ్చడితో చివరి మెతుకు దాకా తిన్నారు.