చివరి రంగంలో వచ్చిన అన్న

పుస్తకాల్లోని పాత్రలు చదివేవాళ్లతో మాట్లాడటం మామూలైపోయిన రోజులవి. కూరలు తరుగుతూనో, బట్టలు ఆరేస్తూనో జనం తమకు నచ్చిన పాత్రను పలకరించేవారు. తమను ఎవరో రాశారని ఆ పాత్రలకూ తెలుసు.

బందరులో నాటకాలు రాసే నాంచారయ్యకు పేరు తెచ్చింది ఒకే నాటకం. కులం కాని పెళ్లి చేసుకుందని చెల్లెలిని వెలేసిన అన్న, చివరి రంగంలో ఆమె గడప తొక్కి క్షమించమంటాడు. నిజానికి నాంచారయ్య అలాంటి పెళ్లే చేసుకున్న తన చెల్లెలు అలివేలు ఇంటికి ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె చనిపోయిన నెల రోజులకు మేనకోడలు సుభాషిణి వచ్చింది.

"అమ్మ రోజూ బియ్యం ఏరుకుంటూ మీ నాటకంలో చెల్లెలితో మాట్లాడేది మామయ్యా."

"ఏం మాట్లాడేది?"

"ఒకరోజు 'మీ అన్న నిజంగానే వచ్చాడా?' అని అడిగింది. 'నాటకంలో వచ్చాడమ్మా. రాసినాయనకి రావాలనే ఉందేమో, కాళ్లాడలేదు' అంది ఆ పిల్ల."

"దానికి మీ అమ్మేమంది?"

"'ఇంత రాసే బదులు బస్సెక్కితే సరిపోయేది కదే' అంది."

కాగితం మీద వెళ్లొచ్చానన్న తృప్తితోనే ఇన్నేళ్లూ గడిపేశానని నాంచారయ్యకు అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రమే పుస్తకంలోంచి చివరి రంగం తీసేశాడు.

ఇప్పుడు ఎవరైనా అన్న సంగతి అడిగితే నాటకంలోని చెల్లెలు నెమ్మదిగా చెబుతుంది. "రాలేదండీ. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు."