మిరపకోత చేతులు

పోయినవాళ్ల గొంతుతో మాట్లాడే పెట్టె లేని ఇల్లు ఆ ఊళ్లో లేదు. నాంచారమ్మ చనిపోయిన నెలకే ఆమె కూతురు మౌనిక కూడా ఒకటి తెచ్చుకుంది. రోజూ పొద్దున్నే అది అమ్మ గొంతుతో ఒక కవిత చెబితే గానీ మౌనికకు వంట మొదలుపెట్టబుద్ధి కాదు.

మౌనిక కూతురు జోషితకు బడిలో వ్యాసం ఇచ్చారు. మనిషి రాసిన కవితనూ పెట్టె చెప్పిన కవితనూ పోల్చి, పోలికలూ తేడాలూ రాయాలి. అమ్మమ్మ పాత నోటుబుక్కులో జోషితకు ఒక కవిత దొరికింది. దానిలోనూ, పెట్టె తరచూ చెప్పే ఒక కవితలోనూ మిరపకోత ఉంది, ఏడ్చే పసిబిడ్డ ఉంది.

రాసింది వంటింట్లో అమ్మకు చదివి వినిపించింది.

"పెట్టె కవితలో తల్లి చేలోంచి రాగానే బిడ్డ కన్నీళ్లు తుడుస్తుంది. అమ్మమ్మ కవితలో తల్లి బిడ్డను ముట్టుకోకుండా గడపలోనే నిలబడి ఏడుస్తుంది. కాబట్టి పెట్టె కవితలోనే ప్రేమ ఎక్కువ."

మౌనిక చేతిలో గరిటె ఆగిపోయింది. కోతలన్నీ యంత్రాలవయ్యాక పుట్టిన పిల్లకు ఏం తెలుస్తుంది? తెలిసిన తనే ఆ పెట్టె కవిత విని ఎన్నిసార్లు మురిసిపోయిందో!

"అయి మిరపకాయ కోసిన చేతులే తల్లీ. ఎంత కడిగినా మంట పోదు. ఆ చేత్తో పసిదాని కళ్లు తుడిస్తే ఇంకేమన్నా ఉందా?"

"ఆ పసిది నువ్వేనా అమ్మా?"

మౌనిక తలూపింది. వెక్కుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. జోషిత చివరి వాక్యం కొట్టేసింది.

అంతలో పెట్టె పలికింది, అచ్చం నాంచారమ్మ గొంతే. "ఏడుస్తున్నావా అమ్మా? ఇట్రా, కళ్లు తుడుస్తా."

"మా అమ్మయితే తుడవదు," అని మౌనిక దాని మీట నొక్కి ఆపేసింది.