చిటికెన వేలు

మొగుడి మెడ తెగి ఉంది. దాలమ్మ చేతిలోని అన్నం క్యారేజీ జారి కిందపడింది.

మిల్లు పక్క గోడౌనులో, కొండపత్తి రాశి మీద వెల్లకిలా పడి ఉన్నాడు జగన్నాధం. పొద్దున తెల్లగా ఉన్న పత్తి నడుం దాకా ఎర్రబడి ముద్దకట్టింది. కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. దాలమ్మ పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఎవులు మావా? ఎవులు సేసినారు? పేరు సెప్పు!"

గొంతులోంచి నెత్తుటి బుడగలు తప్ప మాట రాలేదు. అతను తడుముకుని ఆమె చెయ్యి అందుకున్నాడు. ఇరవై ఏళ్ళ దళారీ అలవాటు చావులో కూడా వదల్లేదు కాబోలు, భుజమ్మీది తువ్వాలు లాగి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. దాని కింద ఆమె చిటికెన వేలు పట్టుకుని రెండుసార్లు నొక్కాడు. మళ్ళీ రెండుసార్లు నొక్కాడు, ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా. ఆ తర్వాత పట్టు సడలిపోయింది.

విజయనగరం పత్తి బజారులో ధర నోటితో చెప్పిన పాపాన ఎవడూ పోలేదు. తాతల నాటి నుంచీ అంతే. తువ్వాలు కప్పాలి, వేళ్ళు నొక్కాలి. ఎంతకి కొన్నదీ పక్కవాడికి తెలిస్తే కొంప మునిగినట్టే వాళ్ళకి. ఆ వేళ్ళ భాష దళారీలకీ షావుకార్లకీ తప్ప వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియదు. దాలమ్మకి మాత్రం ఎలా తెలుస్తుంది?

అన్న దగ్గరే దళారీ పని నేర్చుకుంటున్న మరిది చినబాబు పరిగెత్తుకొచ్చాడు. అన్నను చూసి నెత్తి బాదుకున్నాడు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. అత్తమామలు ఎప్పుడో పోయారు. పిల్లలు పుట్టలేదు. చినబాబునే కొడుకులా పెంచుకుంది దాలమ్మ. ఏడుస్తూనే వేలు చూపించి, మొగుడు నొక్కిన సంగతి చెప్పింది.

చినబాబు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నరసింగరావు షావుకారే ఒదినా," అన్నాడు. "షావుకార్లకి తలొక గుర్తుంతాది. సిటికినేలు రెండుసార్లు నొక్కితే ఆడే!"

దాలమ్మ నమ్మకేం చేస్తుంది? ముందురోజే తూకం దగ్గర నరసింగరావు జగన్నాధాన్ని నలుగురిలో చెంప పగలగొట్టాడు. పీక కోయిస్తానని కూడా అన్నాడు. బజారంతా విన్నది.

చినబాబు పత్తి బేళ్ళు లాగే ఇనుప కొక్కెం అందుకుని బజారులోకి దూకాడు. "అన్న పేరు సెప్పి మరీ పోనాడ్రా!" అని అరిచాడు. జగన్నాధం అంటే ప్రాణం పెట్టే, బేళ్ళు మోసే కళాసీలు కొక్కేలు పట్టుకుని లేచారు. కొట్లో దాక్కున్న నరసింగరావుని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు.

"నాకేటీ తెల్దు బాబూ! సెయ్యి సేసుకున్నమాట నిజివే, పేనం తియ్యలేదు! అమ్మా దాలమ్మా, నువ్వైనా సెప్పమ్మా!"

"సెప్పొదినా, ఈడేనా?" అన్నాడు చినబాబు.

నెత్తురు ఆరని చీరతో నిలబడ్డ దాలమ్మ ఆ షావుకారు కళ్ళలోకి చూసింది. తల ఊపింది.

మొదటి కొక్కెం భుజంలో దిగింది. రెండోది కడుపులో. ఆ తర్వాత ఎవరిది ఎక్కడ దిగిందో ఎవరికీ తెలియదు. కేకలు ఆగిపోయాక కూడా చాలాసేపు కొట్టారు. దాలమ్మ కళ్ళు తిప్పుకోలేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆమె కడుపు చల్లబడింది.

ఇదంతా అరవై ఏడులో. కేసు నడిచింది. చూశానన్నవాడు లేడు, ఎవరి దెబ్బకి పోయాడో తేలలేదు, కోర్టు కొట్టేసింది. అన్న గద్దె మీద చినబాబు కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకున్నాడా, తువ్వాలు మీద పడ్డాడు.

"ఆ గుడ్డ నెత్తురు తాగినాది. ఇంక మనకొద్దు. నలుగురి ఎదటా నోటితో వేలం పాడుకుందుం," అని కొట్టుకొట్టుకీ తిరిగి అందర్నీ ఒప్పించాడు. అరవై తొమ్మిది ఉగాది నుంచి వేలమే అన్నారు.

వదిన చేలో పండిన పత్తి కూడా తనే అమ్మిపెట్టేవాడు. ఆమెను బజారు గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. "ఆ నేల సూస్తే నీకు అన్న గురుతొస్తాడొదినా," అనేవాడు. ఇలాంటి మరిది ఎవరికి దొరుకుతాడని ఇరుగమ్మా పొరుగమ్మా ఒకటే మెచ్చుకోలు.

ఉగాది ముందు వారం చినబాబు అన్నకి పిండం పెట్టడానికి శ్రీకూర్మం వెళ్ళాడు. ఇంట్లో ఇంకా కొంచెం పత్తి ఉంది. మొగుడు బతికినన్నాళ్ళూ చేసిన బేరం ఎలా ఉంటుందో, అది పోయేలోగా ఒక్కసారి చూడాలనిపించింది దాలమ్మకి. బండి కట్టించుకుని తనే బజారుకి వచ్చింది.

ముసలి దళారీ జోగయ్య ఆమెను చూసి కళ్ళు తుడుచుకున్నాడు. కొనడానికి ఒక కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. ఆమెకి ఆ భాష రాదన్నది మరిచి, జోగయ్య అలవాటుకొద్దీ దాలమ్మ చేతి మీద తువ్వాలు కప్పాడు. ధర చెప్పే ముందు ఆమె చిటికెన వేలు పట్టుకుని రెండుసార్లు నొక్కాడు.

దాలమ్మ చెయ్యి లాక్కుంది. పక్క బేలుకి గుచ్చి ఉన్న కొక్కెం పీకింది. మరుక్షణం దాని మొన జోగయ్య గొంతు మీద ఉంది.

"నరసింగరావు గుర్తు నీకెందుకురా? నువ్వూ ఆడూ కలిసే సంపినారా నా మావని?"

జోగయ్య చేతులు జోడించాడు. "ఆడి గుర్తేటి తల్లీ! షావుకార్లకి గుర్తుల్లేవు. ఈ కొనీవోడు నా కొడుకు. దళారీ ఎవులికైనా అది ముందుగా సెప్పి తీరాల, బజారు దరమం..."

"ఏటది? ఏటి సెప్పాల?"

"సిటికినేలు రెండుసార్లు నొక్కితే, 'ఎదటోడు నా సొంత ఇంటి మనిషే, జాగర్త పడు' అని సెప్పడం తల్లీ."